ఎడమ చేతి మీద చేపలు

నా బీరువాలో ఒక జాకెట్టు ఉంది. ఒళ్ళు సాదా నీలం గుడ్డ, చేతులు మాత్రం తెల్లటి గుడ్డ మీద అద్దకం. కుడి చేతి మీద చిన్న చిన్న చేపలు భుజం వైపు ఈదుతుంటాయి. ఎడమ చేతి మీద అవే చేపలు మోచేతి వైపు దిగిపోతుంటాయి. దాన్ని ఇంతవరకు ఎవరూ తొడుక్కోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా గుడ్డల మీద బొమ్మలు వేసి బతికాను. వాటిలో నేను దాచుకున్నది ఇదొక్కటే.

డిజైన్ కోర్సుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఏ రంగు పక్కన ఏ రంగు వెయ్యాలి, పువ్వుకీ పువ్వుకీ మధ్య ఎంత దూరం ఉండాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. లేనివి కొన్ని ఉన్నాయి, అవి రాద్దామని కూర్చున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. అప్పటి డైరీలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి మనుషులు అన్న మాటలు మాత్రం చాలావరకు అన్నవి అన్నట్టే రాయగలను.

చిల్లుల కాగితం

మాది బాపట్ల. అరవైల్లో మా వీధిలో ఆడపిల్లలందరూ దిండు గలీబుల మీదో టేబుల్ గుడ్డల మీదో పువ్వులు కుట్టేవారు. కుట్టేది వాళ్ళు, బొమ్మ వేసిచ్చేది నేను. పల్చటి కాగితం మీద బొమ్మ గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడవాలి. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన నీలిమందు దూదితో అద్ది రుద్దితే కింద చుక్కలు చుక్కలుగా బొమ్మ దిగుతుంది.

వచ్చినవాళ్ళతో మాట్లాడటం అమ్మ పని. నేను తలుపు వెనక నుంచి కాగితం అందించేదాన్ని.

"మీ అమ్మాయికి మాటలు రావా ఏంటి, వదినా?" అని అడిగిందొకావిడ.

"వస్తాయమ్మా. అన్నీ పుస్తకంలో రాసుకుంటుంది" అంది అమ్మ.

నిజమే. పగలంతా నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటలు సాయంత్రానికి డైరీలోకి చేరేవి. పచారీ కొట్టు పొట్లం విప్పితే ఆ కాగితం కూడా చదివే అలవాటు నాది. మనుషుల కన్నా కాగితంతో నాకు చనువెక్కువ. ఈ పనికి అది మంచి లక్షణమని చాలాకాలం అనుకున్నాను. బొమ్మ గీసేవాళ్ళకి మాటలతో పనేముంది అని.

గోడకి చీర కట్టరు

తెనాలిలో ఒక అద్దె మేడలో అద్దకం, కుట్టు నేర్పే శిక్షణ కేంద్రం పెట్టారని తెలిసి నాన్న నన్ను చేర్చారు. రోజూ ప్యాసింజరులో బాపట్ల నుంచి వెళ్ళి వచ్చేదాన్ని. మాకు పాఠం చెప్పేది రుక్మిణి మేడమ్. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ చీర కుచ్చెళ్ళకి సుద్ద అంటుకుని ఉండేది. మెచ్చుకోవడం ఆవిడకి తెలియదని మా అందరి నమ్మకం.

మొదటి ఏడాది నేనొక చీర కొంగుకి నెమళ్ళు వేశాను. చీరని గోడకి తగిలించి, దూరం నుంచి చూసుకుంటూ వారం రోజులు కష్టపడ్డాను. మేడమ్ వచ్చి దాన్ని గోడ మీంచి తీసి, నా భుజం మీద వేసి, క్లాసు వైపు నా వీపు తిప్పారు. అందరూ ఒక్కసారి నవ్వారు. కొంగు చివర పైకి ఉండేలా తగిలించి గీశాను. భుజం మీంచి వెనక్కి జారేసరికి నెమళ్ళన్నీ తలకిందులయ్యాయి.

"శీర్షాసనం వేశాయి పాపం" అన్నారు మేడమ్. తర్వాత అందరికీ చెప్పారు: "గోడకి చీర కట్టరమ్మా. మనిషికి కడతారు."

ఆ మాట డైరీలో రెండుసార్లు రాసుకున్నాను. ఇక దిక్కు విషయంలో తప్పు చెయ్యనని కూడా రాసుకున్నాను.

రెండో ఏడాది పరీక్ష విచిత్రమైనది. ఒక్కొక్కరం ఆరు రకాల అద్దకాలు తయారు చెయ్యాలి, వాటితో బట్టలు కుట్టించాలి. కానీ ప్రదర్శన లేదు. "మీ గుడ్డ బజారులోకి వెళ్ళాలి. మీకు చుట్టాలు కానివాళ్ళు ఇష్టపడి తొడుక్కోవాలి. నేను వచ్చి వాళ్ళ ఒంటి మీద చూస్తాను. చూసింది చూసినట్టు రాస్తాను" అన్నారు మేడమ్. కేంద్రం పక్కనే అద్దకం షెడ్డు ఉండేది. అందులో కొత్త నమూనాలు గీసే ఉద్యోగం ఒక్కటే ఖాళీ. ఆరూ నెగ్గిన వాళ్ళకే అది. మిగతా వాళ్ళు పాత అచ్చులకి నకళ్ళు దించుకోవాలి.

నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, ఆ కోరిక డైరీలో రాయడానికి కూడా భయపడ్డాను. అది రాకపోతే మళ్ళీ బాపట్లలో తలుపు వెనక నిలబడి, ఇంకొకరు అడిగిన గులాబీకి చిల్లులు పొడుస్తూ ఉండాలి.

పన్నెండు జాకెట్లు

ఐదు అద్దకాలు బాగానే చెల్లాయి. గలీబులు, పిల్లల గౌన్లు, తలుపు తెరలు. ఆరోదే మిగిలింది.

మా పిన్నిది రేపల్లె. సెలవు రోజుల్లో తెనాలిలో రైలు మారి అక్కడికి వెళ్ళేదాన్ని. పిన్ని వాళ్ళింటికి నాగమ్మ చేపలు తెచ్చేది. గట్టి మనిషి, గట్టి గొంతు. ఒకరోజు గుమ్మంలో బుట్ట దించి నన్ను చూసి అంది:

"బొమ్మలేసే అమ్మాయివి నువ్వేనంటగా? మేం కొత్త పడవ దింపుతున్నాం. మా ఇంటి ఆడాళ్ళం పన్నెండు మందిమి ఒకే రకం జాకెట్లు తొడుక్కోవాలని మా అత్త పట్టు. బజార్లో పన్నెండింటికి సరిపడా ఒకే గుడ్డ దొరకట్లా. నువ్వు వేసిస్తావేంటి?"

తల ఊపాను.

"నోటితో చెప్పమ్మాయ్. తల ఊపితే అవునో కాదో నాకేం తెలుస్తది?"

"అవునండి" అన్నాను. పిన్ని నవ్వింది.

చందువా చేప గీశాను. బుట్టలో చూసింది చూసినట్టు, గుండ్రటి ఒళ్ళు, చిన్న తోక. తలలన్నీ ఒకే వైపు. పడవ ముందుకి పోవాలి కదా, చేపలు కూడా పైపైకి పోతూ ఉండాలని నా ఆలోచన. టేకు దిమ్మ మీద అచ్చు చెక్కించాను. చేపకీ చేపకీ మధ్య ఎడం బాగా వదిలాను. మేడమ్ ముఖం చిట్లించారు.

"ఇంత ఖాళీ ఏంటి? గుడ్డ బోసిగా ఉంది."

"చేపకి నీళ్ళు కావాలి కదండి" అన్నాను. ఆవిడకి వినపడిందో లేదో తెలియదు.

జాకెట్టు చేతుల కోసం తెల్ల గుడ్డ మీద నీలం రంగుతో అచ్చు వేసి, ఒంటికి సాదా నీలం గుడ్డ కూడా తీసుకుని రేపల్లె వెళ్ళాను. నాగమ్మ వాళ్ళ బట్టలు కుట్టేది బజారు వీధిలో మస్తాన్ సాయిబు గారు. పెద్దవాడు, తెల్ల గడ్డం, మెడలో టేపు. ఊళ్ళో సగం మంది కొలతలు ఆయనకి నోటికి వచ్చు. ఆయనకి ఏం చెప్పాలో రైల్లోనే డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది: "సాయిబు గారితో చెప్పాలి. చేపలన్నీ ఒకే వైపు చూస్తాయి. తలలు భుజం వైపు రావాలి."

కొట్టులో బల్ల మీద నలుగురు మగవాళ్ళు కూర్చుని ఎన్నికల సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను గుమ్మంలోకి వెళ్ళగానే మాటలు ఆపారు. గుడ్డ బల్ల మీద పెట్టాను. మస్తాన్ గారు దాన్ని ఒకసారి చేత్తో నిమిరి, కళ్ళజోడు మీంచి నన్ను చూసి అడిగారు.

"ఏమన్నా చెప్పాలా, అమ్మాయి?"

నలుగురూ నన్నే చూస్తున్నారు.

"లేదండి" అని వచ్చేశాను.

ఆకులు కావు, చందువాలు

శనివారం నాగమ్మ, వాళ్ళ అత్త, పెద్ద కోడళ్ళు ఇద్దరు మస్తాన్ గారి కొట్టుకి జాకెట్లు తీసుకోవడానికి వచ్చారు. నన్ను కూడా పిలిచారు. బుధవారం పడవ దింపుతారు. ఆ రోజే మేడమ్ కూడా చూడటానికి వస్తున్నారు.

నాగమ్మ ఒక జాకెట్టు తీసి రెండు చేతులూ చాపి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఇదేంటమ్మాయ్, ఒక చెయ్యి సముద్రంలోకి, ఒక చెయ్యి గట్టు మీదికా?"

నాకు అర్థం కాలేదు. మిగతావి కూడా ఒక్కొక్కటే తీసి చూశాను. అన్నిటికీ అంతే. కుడి చేతి చేపలు పైకి, ఎడమ చేతి చేపలు కిందికి.

జరిగింది ఇదీ. దర్జీ ఒక్కో చెయ్యి విడిగా కొయ్యడు. గుడ్డని అడ్డంగా మధ్యకి మడిచి, పై పొర కుడి చెయ్యి, కింది పొర ఎడమ చెయ్యి వచ్చేలా ఒకేసారి కత్తెర వేస్తాడు. అలా అయితేనే గుడ్డ వృథా కాదు. సాదా గుడ్డకీ, చుక్కల గుడ్డకీ దాంతో ఇబ్బంది లేదు. కానీ మడిచినప్పుడు కింది పొర తిరగబడుతుంది. తలకీ తోకకీ తేడా ఉన్న బొమ్మ అక్కడ తలకిందులవుతుంది. రెండేళ్ళు చదివాను, గుడ్డ మడత గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చీర కట్టే మనిషిని చూడటం నేర్చుకున్నాను గానీ, కత్తెర పట్టుకున్న మనిషిని చూడలేదు.

"చేపలా అవి? నేను ఆకులనుకున్నానే!" అన్నారు మస్తాన్ గారు కళ్ళజోడు సర్దుకుంటూ.

"ఆకులంట! నేను నీకు వారం వారం అమ్మేవి ఏంటి సాయిబూ, తమలపాకులా?" అంది నాగమ్మ.

కోడళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ముసలామె నవ్వలేదు. జాకెట్టు ఎడమ చేతిని వేలితో చూపించి మెల్లగా అంది:

"కుడి చేత్తో పట్టినవన్నీ ఎడం చేతిలోంచి జారిపోతన్నాయి. కొత్త పడవకి ఇదేం శకునం? నేను తొడగను. మిమ్మల్నీ తొడగనియ్యను."

మస్తాన్ గారు కత్తెర కింద పెట్టారు. ఆయన ముఖం చూడలేకపోయాను. "నలభై ఏళ్ళుగా కుడుతున్నాను, ఎవరూ నా కుట్టు తిప్పి ఇవ్వలేదు. కళ్ళు పోయినట్టున్నాయి నాకు. తప్పు నాదేనమ్మా" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు ఊరటగానే అనిపించింది. ఆయన తనే ఒప్పుకున్నాడు, నేను మాట్లాడకుండా ఉంటే చాలు. మాట్లాడకుండా ఉండటం నాకు బాగా వచ్చిన పని. తప్పు దర్జీది అని మేడమ్ రాసుకుంటారు, మిగతా ఐదూ బాగున్నాయి కాబట్టి ఉద్యోగం దక్కినా దక్కుతుంది.

కానీ నా సంచిలో డైరీ ఉంది.

"సాయిబు గారి తప్పు కాదండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆయన నన్ను అడిగారు, ఏమన్నా చెప్పాలా అని. నేనే లేదన్నాను." డైరీ తీసి ఆ పేజీ అందరి ముందూ చదివాను. చేపలన్నీ ఒకే వైపు చూస్తాయి. తలలు భుజం వైపు రావాలి.

నాగమ్మ నోరు తెరిచింది. "రాసుకున్నావా? రాసుకుని చెప్పలేదా? తెడ్డు పడవలో పెట్టుకుని చేత్తో నీళ్ళు తోసినట్టుందమ్మాయ్ నీ యవ్వారం!"

ఈసారి మస్తాన్ గారు కూడా నవ్వారు. ఆ నవ్వు విన్నాక నాకు ధైర్యం వచ్చింది. బొమ్మ గీసేముందే అడగవలసిన మాట అప్పుడు అడిగాను.

"అక్కా, చేపలు ఎప్పుడూ ఒకే వైపు పోతాయా?"

"ఎందుకు పోతాయి? పోటుకి ఎక్కుతాయి, ఆటుకి దిగుతాయి. ఒక గుంపులోనే ఒకటి అటు, ఒకటి ఇటు" అంది నాగమ్మ.

"వచ్చేవీ పోయేవీ ఉంటేనే కదా సముద్రం. అన్నీ ఒకే దిక్కున పోతే వలలో ఏం పడతాయి?" అంది ముసలామె.

నేను చేతి మీద చేపల మధ్య ఖాళీని చూస్తున్నాను. మేడమ్ బోసిగా ఉందన్న ఖాళీ అది. ఇంకో చేప సరిగ్గా పడుతుంది. కొత్త అచ్చు కూడా అక్కర్లేదు. ఉన్న అచ్చునే తిప్పి పట్టుకుని వేస్తే చాలు.

"బుధవారం లోపల రెండు చేతుల మీదా ఎక్కేవీ దిగేవీ వేసిస్తే తొడుక్కుంటారా, అవ్వా?"

ముసలామె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ముందు వేసి చూపించు" అంది.

ఇటుక రంగు

ఆదివారం తెనాలిలో మేడమ్ ఇంటికి వెళ్ళాను. వరండాలో పేపరు చదువుతున్నారు. జరిగింది చెప్పాను. అచ్చు రేపల్లె తీసుకెళ్తానని అడిగాను.

"అచ్చులు షెడ్డు దాటవు. ఆ సంగతి నీకు తెలుసు."

"తెలుసండి."

"దర్జీ తిరగేసి కోశాడని రాస్తాను. అది అబద్ధం కాదుగా. వదిలెయ్యి."

"అబద్ధం కాదండి. కానీ నిజం కూడా కాదండి. బుధవారం దాకా అచ్చు ఇవ్వండి. కుదరకపోతే ఆరోది తప్పిందనే రాయండి."

మేడమ్ పేపరు మడిచి పక్కన పెట్టారు. "నోరుందన్నమాట నీకు" అని లోపలికి వెళ్ళి షెడ్డు తాళంచెవి తెచ్చారు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచారు.

"ఏ రంగు వేస్తావు?"

"నీలమేనండి. మొదటి దానికి కలవాలి కదండి."

"నీలం పక్కన నీలం వేస్తే తప్పు దిద్దినట్టుంటుంది. ఇటుక రంగు తీసుకెళ్ళు. వేరే రంగు వేస్తే మొదట్నుంచీ అలాగే అనుకున్నట్టుంటుంది."

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు అందిన గొప్ప పాఠం ఇది. ఆవిడ దాన్ని మెట్ల మీద నిలబడి, చెప్పులు వెతుక్కుంటూ చెప్పారు.

సోమవారం మస్తాన్ గారు కొట్టుకి ఎవరినీ రానివ్వలేదు. ఆయన కుట్లు విప్పారు, నేను చేతుల గుడ్డలు చదును చేశాను. కత్తెర బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద తడి గోనె పరిచి, ఆ పైన పాత పంచె వేసి, అచ్చు వేశాను. పదకొండు జాకెట్లకి ఇరవై రెండు చేతులు. పన్నెండోది తొడుక్కోవలసిన చిన్న కోడలు అప్పటికే పురిటికి పుట్టింటికి వెళ్ళింది. మొదటి చేతికి అచ్చు జారి చేప తోక అలుక్కుపోయింది.

"దాన్ని చంక కిందికి వచ్చేలా కుడతాలే. కానివ్వు" అన్నారు ఆయన.

ఆ రెండు రోజుల్లో ఆయన్ని ఎన్ని ప్రశ్నలు అడిగానో నాకే తెలియదు. గుడ్డ ఎలా మడుస్తారు, ఎందుకలా, గళ్ళ గుడ్డ వస్తే గడి గడికి ఎలా కలుపుతారు, ఏ అద్దకం చూస్తే విసుగొస్తుంది. మొదట్లో నేల చూస్తూ అడిగాను. సాయంత్రానికి ఆయన ముఖం చూస్తూ అడుగుతున్నాను. రంగు ఆరాక ఆయన బొగ్గుల ఇస్త్రీపెట్టె వెనక వైపు నుంచి పెట్టారు. మంగళవారమంతా మళ్ళీ కుట్టారు.

బుధవారం

కాలవ రేవులో పడవకి పసుపు కుంకుమ పెట్టారు. మేడమ్ పొద్దుటి రైలుకే వచ్చారు. పదకొండు మందీ జాకెట్లు తొడుక్కుని వచ్చారు, ముసలామెతో సహా. నీలం చేపలు, ఇటుక రంగు చేపలు ఒకదాని పక్కన ఒకటి ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. మేడమ్ ముసలామె దగ్గరికి వెళ్ళి అడిగారు.

"జాకెట్టు ఎలా ఉందమ్మా?"

ముసలామె చెయ్యి ఎత్తి తిప్పి చూసుకుంది. "చంక కాడ కొంచెం బిగువు. చేపలు మాత్రం బాగున్నాయి. ఎవరో సముద్రం తెలిసినాళ్ళు వేశారు."

నేను పక్కనే ఉన్నాను. సముద్రం నాకేమీ తెలియదు. అడిగి తెలుసుకున్నాను, అంతే. మేడమ్ నా వైపు చూడలేదు. తిరుగు రైల్లో మాత్రం అడిగారు.

"ఆ దర్జీతో మొదటిసారి ఎంతసేపు మాట్లాడావు?"

"ఒక్క మాటండి."

"రెండోసారి?"

"రెండు రోజులండి."

"ఆ రెండు రోజుల సంగతీ రాసివ్వు. బొమ్మలు నేను చూశాను" అన్నారు.

ఉద్యోగం వచ్చింది. డెబ్బైలంతా ఆ షెడ్డులోనే గడిపాను. తర్వాత వేరే చోట్లకి వెళ్ళాను. అక్కడ కొందరు పైవాళ్ళు బొంబాయి చీర ముక్క నా ముందు పడేసి దీన్నే దించమన్నారు. దించాను కూడా. నకలు దించడం సిగ్గుపడవలసిన పని కాదు, దాంతో చెయ్యి తిరుగుతుంది. కానీ ఆ చీర ఎవరు కట్టుకుంటారు, ఎలా కట్టుకుంటారు అని అడిగితే చిరాకుపడ్డ పైవాళ్ళ దగ్గర నేను ఎక్కువ కాలం లేను. ఒకవైపే చూసే బొమ్మలు కూడా చాలా వేశాను. వేసిన ప్రతిసారీ గుడ్డ అంచున చిన్న బాణం గుర్తు అచ్చు వేయించి, ముందే కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పేదాన్ని. బాణం ఒక్కటీ చాలదు. అది కూడా డైరీలో రాసుకున్న మాట లాంటిదే, ఎవరైనా చదివితేనే పనికొస్తుంది.

షెడ్డులో చేరేముందు మస్తాన్ గారికి చెప్పి వద్దామని వెళ్ళాను. ఆయన పన్నెండో జాకెట్టు కాగితంలో చుట్టి ఇచ్చారు. దాని కుట్లు విప్పలేదు. నాగమ్మ వాళ్ళ చిన్న కోడలికి వేరే గుడ్డ కుట్టిచ్చారట. "ఇది దాచుకో అమ్మాయి. సగం నీ తప్పు, సగం నాది. నేను ఒక్కసారి అడిగి ఊరుకున్నాను" అన్నారు.

మొన్న ఒక అమ్మాయి తను గీసిన నమూనాలు పట్టుకుని వచ్చింది. చాలా బాగా గీస్తుంది. ఫ్రాకు గుడ్డకట, కొమ్మల మీద పిట్టలు, అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. చూపించి, కాగితాలు చుట్టుకుని, తల దించుకుని లేచింది.

"ఏమన్నా చెప్పాలా, అమ్మాయి?" అని అడిగాను.

"లేదండి" అంది.

కూర్చోమని, బీరువా తలుపు తీశాను.